రాకాసి మాట్లాడిన భాష

భూమ్మీద పిల్లల భయాన్ని సంపూర్ణంగా రద్దు చేసిన మొదటి నగరం కోయంబత్తూరు. ఈ సంగతి చరిత్రలో ఇంకా నమోదు కాలేదు, త్వరలో అవుతుంది. ఈ ఘనకార్యంలో పీళమేడు ముత్తులక్ష్మి పాత్ర చిన్నదేమీ కాదు. రద్దయింది ముఖ్యంగా ఆమే.

పాతికేళ్ళ కిందట ఆ వీధుల్లో కేబుల్ నడిపే గోవిందరాజన్ తన దుకాణం మేడ మీద పిల్లల కోసం ఒక బొమ్మల కార్యక్రమం మొదలుపెట్టాడు. కాగితం గుజ్జుతో చేసిన గుండు రాకాసి అందులో నాయిక. దానికి గొంతు కావలసి వచ్చింది. నూలు మిల్లులో యంత్రాల హోరును మించి మాట్లాడడం అలవాటైన ముత్తులక్ష్మిని పిలిపించాడు. కార్యక్రమం తమిళంలోనే. కానీ రాకాసికి కోపం వస్తే ఏమనాలో ఎవరూ రాసివ్వలేదు. దాంతో ఆమె ఇంట్లో తన కొడుకు ఆనంద్‌కుమార్‌ను ఎలా కేకలేస్తుందో అలాగే, ఇంటి తెలుగులో, కేకలేసింది.

ఊళ్ళో తమిళ పిల్లలంతా అది రాక్షస భాష అనుకుని దుప్పట్లలో దూరారు. తరతరాలుగా తెలుగు మాట్లాడే ముత్తులక్ష్మి వీధి పిల్లలు మాత్రం పడీపడీ నవ్వారు. ఎందుకంటే రాకాసి కోరలు చాచి గర్జించింది ఇది: "కాళ్ళు కడుక్కోని లోపలికి రారా. సట్టిలో రసం ఉండాది, ఒలకకండా తాగు."

కార్యక్రమం ఇతర ఊళ్ళ కేబుళ్ళకూ పాకాక, ఒకసారి తేని ఊరి సంతలో ఆమె తన చెల్లెలితో ద్రాక్షపళ్ళు పుల్లగా ఉన్నాయని అంటుంటే, పక్కనున్న పిల్లవాడు ఆ భాష విని బిక్కచచ్చిపోయి, పొద్దుటి నుంచి ముట్టని ఇడ్లీలన్నీ మింగేశాడు. వాళ్ళమ్మ ముత్తులక్ష్మి చేతులు పట్టుకుని, మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగింది. తనకు దొరికిన గౌరవాలన్నిటిలో అదే పెద్దదని ముత్తులక్ష్మి ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత గోవిందరాజన్ కేబుల్‌ను, రాకాసితో సహా, ఒక పెద్ద ఛానల్ కొనుక్కుంది. ఛానల్‌కు చెన్నకేశవన్ అనే శిశుభయ నియంత్రణాధికారి ఉన్నాడు. (ఆ పదవికి ముఖ్య అర్హత పిల్లలు లేకపోవడం. ఉంటే పక్షపాతం వస్తుంది.) ఆయన మొదట రాకాసి కోరలు పీకించాడు. తర్వాత గోళ్ళు తీయించాడు. పిల్లల్ని తింటానని బెదిరించడం మాన్పించి, వంకాయలు తినడం అలవాటు చేయించాడు. బొమ్మలు చేసేవాళ్ళు ముచ్చటపడి వంకాయకు కళ్ళు పెట్టడంతో పిల్లలు వంకాయ కోసం ఏడ్చారు. ఆనాటి నుంచి రాకాసి ఉపవాసం.

ఇవన్నీ ముత్తులక్ష్మి ఓర్చుకుంది. కోరలు బొమ్మవి; గొంతు తనది.

చివరికి గొంతు వంతు వచ్చింది. రాకాసి మాట్లాడుతున్నది ఏ భాష అని చెన్నకేశవన్ విచారణ పెట్టాడు. నిబంధన స్పష్టంగా ఉంది: రాక్షస భాషకు అభ్యంతరం లేదు, మనుషుల భాషను రాకాసి నోట పలికిస్తే మాత్రం ఆ మనుషుల మనసు నొచ్చుకుంటుంది. కాబట్టి అది రాక్షస భాషేనని ముత్తులక్ష్మి ఒక సంతకం పెడితే, ఎప్పటిలాగే గర్జించుకోవచ్చు. (ఈ మాట చెబుతుండగా ఆయనకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఆయన వరండాలోకి వెళ్ళి, గొంతు తగ్గించి, ఆ రాక్షస భాషలోనే, తింటినమ్మా అని చెప్పి వచ్చాడు.)

ముత్తులక్ష్మికి అది చిన్న సంతకం కాదు. పెడితే తమ భాష టీవీలో ఉంటుంది, రాకాసిదిగా. పెట్టకపోతే ఎవరిదిగానూ ఉండదు. వీధి పిల్లలకు బడిలో తమిళం, ట్యూషన్‌లో ఇంగ్లీషు. ఇంటి మాట బయట వినపడేది ఆ అరగంటే. వదిన లక్ష్మమ్మాళ్‌ను అడిగితే పెట్టేయమంది, రాకాసి బతికినా చాలు కదా అంది. మర్నాడు ముత్తులక్ష్మి ఆఫీసుకు వెళ్ళి పెన్ను చేతికి తీసుకుంది. చాలాసేపు పట్టుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"అది రాకాసి బాస కాదు సార్," అంది. "మా బాస. రాకాసికి మేమే నేర్పిచ్చింటిమి."

చెన్నకేశవన్ లేచి గది తలుపు మూశాడు.

"నాకు తెలదా అక్కా?" అన్నాడు, ఆఫీసులో మొదటిసారి తెలుగులో. "ఏమి సేసేది, రూలు ఉండాదే."

(విధి నిర్వహణలో అక్కా అన్నందుకు ఆయన తనకు తానే మెమో ఇచ్చుకున్నాడని చెబుతారు.)

రాకాసి మూగదైంది. ఏ భాషకూ చెందదని నిపుణులు తేల్చాక "హుమ్" అనడానికి మాత్రం అనుమతి దొరికింది. కొన్నాళ్ళకు ఆ హుమ్‌లో కూడా ఏదో యాస ఉందని ఫిర్యాదు వచ్చింది.

ఛానల్ యాప్‌గా మారాక ముత్తులక్ష్మికి ఎవరూ వేలెత్తి చూపలేని పాత్ర ఇచ్చారు: ఒక బొమ్మల కుటుంబంలో తల్లి. ప్రతి ఎపిసోడు చివరా వచ్చి, చాలు కన్నూ, టీవీ కట్టేసి భోజనానికి రా అని తమిళంలో మెత్తగా పిలవాలి. అంత మెత్తగా పిలవడం ఆమెకు కొత్త. చేస్తూ చేస్తూ ఇష్టపడింది కూడా.

అప్పుడు యాప్ వాళ్ళు సర్వే చేశారు. ఇన్నేళ్ళలో వచ్చిన పాత్రల బొమ్మలన్నీ చూపించి, భయం వేసేదాని మీద నొక్కమన్నారు. కోరలున్న పాత రాకాసిని చూసి పిల్లలు ముద్దుగా ఉందన్నారు. వేళ్ళన్నీ వెళ్ళి ఒకే బొమ్మ మీద పడ్డాయి. అది భోజనానికి పిలిచే అమ్మ. (ముత్తులక్ష్మి మనవరాలు ఇలక్కియ కూడా దాన్నే నొక్కింది. గట్టిగా నొక్కింది.)

చెన్నకేశవన్ ప్రశాంతంగా చర్య తీసుకున్నాడు. యాప్‌లోని కథలన్నిటి నుంచి తల్లులను తొలగించారు. ఎపిసోడు అయిపోవడం అన్న ఘట్టం కూడా భయానకమేనని తేలడంతో దాన్నీ తొలగించారు. ఇప్పుడు ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది. ముత్తులక్ష్మికి శాలువా కప్పి ఇంటికి పంపారు.

ఆమె వచ్చేసరికి కోడలు రంజని ఇలక్కియను టీవీ ముందు కూర్చోబెట్టి షిఫ్టుకు బయలుదేరుతోంది. ముత్తులక్ష్మి శాలువా మడిచి పెట్టి, పళ్ళెంలో అన్నం కలుపుకొచ్చి, ఎవరి అనుమతీ అక్కర్లేని ఇంటి తెలుగులో మెత్తగా పిలిచింది.

"చాలు కన్నూ. కట్టేసి రా, తిందువు."

ఇలక్కియ భయపడలేదు. అవ్వను ఒకసారి, తెరను ఒకసారి చూసింది.

"అవ్వా, దీంట్లో నువ్వు లేవే," అంది.

నిబంధనల ప్రకారం పిల్ల చెప్పింది సరైనదే. ముత్తులక్ష్మి పళ్ళెం అక్కడ పెట్టి, తెరకు అడ్డం లేకుండా పక్కకు జరిగింది.