చాటెడు తవుడుకు సర్కారు కొన్న బిడ్డ

రాష్ట్రంలో పుల్లయ్యలు తగ్గిపోతున్నారన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చింది పంతొమ్మిది వందల ఎనభై ఏడులో. వచ్చాక ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ప్రాచీన నామ పునరుద్ధరణ శాఖ అని కొత్త శాఖ తెరిచి, భుజంగరావుగారిని దానికి మంత్రిని చేసింది. అంతకుముందు ఆయన ఏ శాఖా లేని మంత్రి. ఆ బాధ్యతను కూడా ఆయన ఎంతో సమర్థంగా నిర్వహించారని గిట్టనివాళ్లు సైతం ఒప్పుకుంటారు.

శాఖ ప్రారంభోత్సవం రేపల్లెలో, ఒక ధాన్యం గోడౌనులో జరిగింది.

"ఇంటింటా సునీల్! వీధివీధినా స్వాతి!" అన్నారు మంత్రిగారు గద్గద స్వరంతో. "మన పుల్లయ్య ఏడీ? మన పెంటయ్య ఏడీ? పెంటయ్యను పోగొట్టుకున్న జాతికి ఇంక మిగిలేదేంటి?"

ముందు వరుసలో కూర్చున్న మంత్రిగారి మనవలు బంటీ, బబ్లూ చప్పట్లు కొట్టారు.

పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడానికి బాపట్ల నుంచి కృపారావు మాస్టారిని పిలిపించారు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, శాఖకు గౌరవ సలహాదారు.

"దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడు మస్తానయ్యండి. అది సంతోషం కొద్దీ పెట్టిన పేరు. మిగతావి వేరు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి ఎంగిలి పుల్లాకుల్లో దొర్లించి పుల్లయ్య అనేవాళ్లు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చి పెంటయ్య అనేవాళ్లు. చాటెడు తవుడుకు పొరుగావిడకి అమ్మేసి తవుడయ్య అనేవాళ్లు. వీడెందుకూ పనికిరాడులే అనుకుని చావు పక్కింటికి పోతుందని ఆశ. ఆ పేర్లలో ఉన్నది భయమండి" అని మాస్టారు కూర్చున్నారు.

మంత్రిగారికి భయం వినపడలేదు. 'అమ్మేసి' అన్న మాట దగ్గరే ఆయన ఆలోచన ఆగింది.

"అలాంటి బిడ్డ ఒకణ్ణి చూడవయ్యా. నేనే కొంటాను. ఫొటోగ్రాఫర్లు మాత్రం నలుగురికి తగ్గకూడదు" అని శాఖ స్పెషలాఫీసరు సీతారామాంజనేయులు చెవిలో వేశారు.

సీతారామాంజనేయులు తెనాలి, బాపట్ల, రేపల్లె జల్లెడ పట్టాడు. పని అనుకున్నంత తేలిక కాలేదు. ఆరోగ్యశాఖ వాళ్లు ముందూ వెనకా చూడకుండా టీకాలు వేసెయ్యడంతో చాలా ఇళ్లలో పిల్లలు బతికే ఉన్నారు. శాఖల మధ్య సమన్వయం లేకపోతే పథకాలు ఎలా దెబ్బతింటాయో ఆయనకు అప్పుడు తెలిసింది. తెనాలిలో ఒక బాలింతను "మీ ఇంట్లో ఎంతమంది పోయారమ్మా?" అని మర్యాదగా అడిగినందుకు ఆవిడ అత్తగారు చీపురు తీసుకుని వీధి చివరిదాకా సాగనంపింది.

అలాంటి రోజుల్లో రేపల్లె రైస్ మిల్లులో తవుడు బస్తాలు మోసే నరసింహం యజమానిని ఒక పూట సెలవడిగాడు.

నరసింహానికి అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. మూడోవాడు పుట్టి వారమైంది. పుట్టిన దగ్గర్నుంచి భార్య శకుంతలకు కంటిమీద కునుకు లేదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది, మళ్లీ చూస్తుంది. పక్కింటి నూర్ బీకి ఏడుగురు పిల్లలు, ఏడుగురూ గుండ్రాళ్లలా ఉన్నారు. శుక్రవారం పొద్దున బిడ్డను ఆవిడకు అమ్మడానికి మాటైపోయింది. ఆ సెలవు అందుకే.

మిల్లు యజమాని మంత్రిగారి సన్మాన సంఘం అధ్యక్షుడు కూడా. సాయంత్రానికి నరసింహం గుమ్మం ముందు జీపు ఆగింది.

"నీ పంట పండిందయ్యా! నీ కొడుకుని సాక్షాత్తూ మంత్రిగారే కొంటారు" అన్నాడు సీతారామాంజనేయులు.

"నూర్ బీ అక్కకి మాటిచ్చామండి."

"ఆవిడకి పిల్లలెంతమంది?"

"ఏడుగురండి. అందరూ బతికున్నారు."

"ఏడుగురే కదా! రాష్ట్రంలో ఆరు కోట్ల మంది మంత్రిగారి బిడ్డలే."

"అందరూ బతికున్నారాండి?" అంది శకుంతల లోపల్నుంచి.

ఆ ప్రశ్న తమ శాఖ పరిధిలోకి రాదని సీతారామాంజనేయులు చెప్పాడు. నరసింహం తల గోక్కున్నాడు. జీపేసుకుని ఇంటికొచ్చిన ఆఫీసరుకు కాదని చెప్పడం అతనికి చేతకాదు. పైగా మంత్రి కొన్న బిడ్డంటే మృత్యువు కూడా కాస్త జంకుతుందేమోనని ఎక్కడో చిన్న ఆశ పుట్టింది.

ఈ అమ్మకంలో ఒక పద్ధతుంది. కొన్నావిడ తవుడు ఇచ్చి, బిడ్డను ఎత్తుకుని, అక్కడే ఆ నిమిషమే "ఈ బిడ్డ నాది, నీకు పెంపకానికి ఇస్తున్నా" అని తల్లి ఒడిలో పెట్టెయ్యాలి. నూర్ బీకి ఇది తెలుసు. ఆవిడ ఇదివరకు ఇలా ముగ్గురిని కొంది.

శుక్రవారం మంత్రిగారు వెండి చాటతో వచ్చారు. తవుడు మూడుసార్లు జల్లించి తెచ్చారు. మంత్రిగారు దాన్ని శకుంతల కొంగులో పోసి, బిడ్డను ఎత్తి నలుగురు ఫొటోగ్రాఫర్లకూ నాలుగు వైపులా చూపించారు. బిడ్డ ఆయన పట్టు కండువా తడిపాడు. అది శుభసూచకమని సీతారామాంజనేయులు మైకులో ప్రకటించాడు.

"ఈ తవుడయ్య నేటి నుంచి సర్కారు బిడ్డ!" అని మంత్రిగారు గర్జించారు.

తర్వాత మాట అనాలి. నూర్ బీ జనంలోంచి చెయ్యెత్తి "బాబూ, తిరిగివ్వండి, పెంపకానికని చెప్పి ఇవ్వండి!" అని అరిచింది కూడా. కానీ తెనాలిలో ఇంకో సభకు అప్పటికే ఆలస్యమైంది. మంత్రిగారు బిడ్డను సీతారామాంజనేయులు చేతుల్లో పెట్టి కారెక్కేశారు.

శకుంతల చేతులు చాచింది.

"ఏంటమ్మా?" అన్నాడు సీతారామాంజనేయులు.

"నా బిడ్డండి."

"మీరు అమ్మేశారు కదమ్మా. వెల పుచ్చుకున్నారు. అదుగో, కొంగులోనే ఉంది."

"పాలెవరిస్తారండి?"

సీతారామాంజనేయులు హృదయం లేనివాడు కాదు. బిడ్డ ఏడుపు కొంచెంసేపు విన్నాక, సర్కారు సొత్తును తాత్కాలిక సంరక్షణ నిమిత్తం మాజీ యజమానురాలి దగ్గరే ఉంచవచ్చని, పాలకు మాత్రం బిల్లు పెట్టరాదని ఉత్తర్వు ఇచ్చాడు. మర్నాడు మనిషొచ్చి ఉయ్యాల బల్ల మీద తెల్లరంగుతో నంబరు వేసి వెళ్లాడు. వాళ్ల వీధిలో నంబరున్న ఉయ్యాల అదొక్కటే కావడంతో నరసింహం మొదట్లో కొంచెం గర్వపడ్డాడు కూడా.

ఆడిట్ వాళ్లు వచ్చేదాకా ఆ గర్వం నిలిచింది. మూడు కొటేషన్లు తెప్పించకుండా ఈ బిడ్డనే ఎందుకు కొన్నారని వాళ్లు అడిగారు. వీధిలో అప్పుడు పుట్టిన బిడ్డ ఇంకొకడు లేడని నరసింహం చెప్పాడు. తరువాత బిడ్డను తక్కెట్లో పెట్టారు.

"కొన్నప్పుడు మూడు కిలోలు. ఇప్పుడు అయిదున్నర. ఈ రెండున్నర ఎక్కడిదయ్యా?"

"పెరిగాడండి."

"ఎవరి అనుమతితో?"

నరసింహం శకుంతల వంక చూశాడు. శకుంతల బిడ్డను తక్కెట్లోంచి తీసి పైట కింద దాచుకుంది. లెక్కకు రాని రెండున్నర కిలోలను ఖజానాకు జమ చెయ్యాలని రాసుకుని ఆడిట్ వాళ్లు భోజనానికి వెళ్లారు.

కార్తీకంలో బిడ్డకు జ్వరం వచ్చింది.

ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పాలు తాగడం మానేశాడు. పోయిన ఇద్దరికీ సరిగ్గా ఇలాగే మొదలైంది. పిల్లల డాక్టరు ఉండేది తెనాలిలో. తొమ్మిదింటికి రైలుంది. నూర్ బీ బిడ్డను తన దుప్పట్లో చుట్టి ఇచ్చి, తనూ వెంట బయల్దేరింది. ముగ్గురూ స్టేషను దారి పట్టేసరికి దారిలోనే ఉన్న శాఖవారి గోడౌను ఆఫీసు ముందు సీతారామాంజనేయులు చేతులు అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"తెనాలండి. బిడ్డకి బాగాలేదు."

"సర్కారు సొత్తు రేపల్లె దాటాలంటే మంత్రిగారి సంతకం కావాలయ్యా."

"మంత్రిగారెక్కడున్నారండి?"

"సింగపూర్లో. మన పాత పేర్ల మీద పరిశోధనకి వెళ్లారు. పై నెల వస్తారు."

నరసింహం ఆయన కాళ్ల మీద పడ్డాడు. "వీడు కూడా పోతే అది బతకదు సార్" అని ఏడ్చాడు. శకుంతల ఏడవలేదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి నిలబడింది. సీతారామాంజనేయులు కళ్లు కూడా చెమర్చాయి, కానీ కళ్లు చెమరిస్తే ఏం చెయ్యాలో రూల్సులో లేదు. ఆయన పుస్తకం తెచ్చి వెతికాడు. చివరికి ఒక పేజీ దగ్గర మొహం వెలిగింది.

"పనికిరానిదని కమిటీ తేలిస్తే వేలం వెయ్యొచ్చు! వేలంలో కొన్నవాళ్లు ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు!"

కమిటీ అంటే ముగ్గురు. సీతారామాంజనేయులు, స్టోర్స్ గుమాస్తా, ఆ రోజు గౌరవ భత్యం కోసం వచ్చిన కృపారావు మాస్టారు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి క్షుణ్ణంగా పరీక్షించారు.

"ఫైలు మోయగలడా?"

"మోయలేడు."

"సంతకం?"

"పెట్టలేడు."

"మరమ్మతు చేయిస్తే?"

"తొందరగా రాయవయ్యా, రైలెళ్లిపోతుంది!" అని కృపారావు మాస్టారు బల్ల గుద్దారు.

'ఎందుకూ పనికిరాడు. మరమ్మతుకు కూడా వీలులేదు' అని రాసి, ముగ్గురూ సంతకాలు చేసి, గుండ్రటి ముద్ర కొట్టారు. విరిగిన రెండు కుర్చీలతో, రెక్కల్లేని ఫ్యానుతో పాటు బిడ్డను వేలానికి పెట్టారు. అప్పటికే నూర్ బీ ఇంటికి పరిగెత్తి చాటెడు తవుడు తెచ్చింది.

"చాటెడు తవుడు, ఒకటోసారి! రెండోసారి!"

మూడోసారి అనకముందే ఆవిడ బిడ్డను లాక్కుంది. "ఈ బిడ్డ నాది. నీకు పెంపకానికి ఇస్తున్నా శకుంతలా. పోండి, బండి అందుకోండి!" అంది. అప్పుడు శకుంతల భోరుమంది.

రైలు అందింది. తెనాలి డాక్టరు వెంటనే చేర్చుకుని సూదులు వేశాడు. మూడో రోజుకు జ్వరం దిగింది. నాలుగో రోజు తవుడయ్య నరసింహం వేలు పట్టుకుని వదల్లేదు. నరసింహం ఆ వేలు విడిపించుకోవడానికి ఇష్టపడక అన్నం కూడా ఎడం చేత్తోనే తిన్నాడు.

రేపల్లెలో జనం మాత్రం డాక్టరు పేరు ఎత్తలేదు. నోటి మాటగా పెట్టిన పేర్లకే చావు దారి తప్పేదట, ముగ్గురు సంతకాలు చేసి ముద్ర కొట్టాక ఇంకేం చూస్తుందని అనుకున్నారు. ఆ మాట రాజధాని దాకా వెళ్లింది.

సంక్రాంతి వెళ్లాక మంత్రివర్గంలో మార్పులుంటాయని పేపర్లలో వచ్చింది. ఆ వారమే భుజంగరావుగారు జెండా లేని కారులో, ఫొటోగ్రాఫర్లు లేకుండా రేపల్లె వచ్చారు.

"ఆ కాగితం నాకూ ఒకటి ఇప్పించవయ్యా. ముఖ్యమంత్రిగారి చూపు నా మీద పడకూడదు. వీడెందుకులే అని దాటిపోవాలి" అన్నారు సీతారామాంజనేయులుతో.

కమిటీ కూర్చుంది. బిడ్డ విషయంలో అన్ని ప్రశ్నలు వేసుకున్న కమిటీ ఈసారి ఒక్కటీ వేసుకోలేదు. కాగితం టైపు కాకముందే కృపారావు మాస్టారు కింద సంతకం చేసేశారు. ముద్ర కూడా పడింది. మంత్రిగారు తృప్తిగా నిట్టూర్చారు.

"ఎవరో ఒకరు కొనాలండి. లేకపోతే రూలు పూర్తికాదు" అన్నాడు సీతారామాంజనేయులు.

నూర్ బీకి కబురు పంపారు. ఆవిడ మిల్లు నుంచి వస్తూ, చంకలో తవుడు చాటతోనే వచ్చి గోడౌను గుమ్మంలో నిలబడింది. మంత్రిగారు బల్ల మీద కూర్చుని రెండు చేతులూ జోడించారు. నూర్ బీ ఆయన్ని కిందనుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూసింది.

"ఈయనకేం పనొచ్చండి?"

"రాదనేగా రాశామమ్మా. చాటెడు తవుడే. కానివ్వు."

నూర్ బీ చాటను ఈ చంకలోంచి ఆ చంకకు మార్చుకుంది.

"మా గేదె చూడి మీదుందండి. తవుడు దానికే చాలట్లేదు" అని ఇంటికి వెళ్లిపోయింది.