మా ఇంటి ఏకైక పేషెంటు

కొత్తగా పెళ్ళయినవాళ్ళు హనీమూన్‌కి వెళ్ళడం శుద్ధ దండగ. ఆ కొండలూ జలపాతాలూ ఎక్కడికీ పోవు, మనవలు పుట్టాక వాళ్ళని వెంటేసుకుని వెళ్ళి చూసుకోవచ్చు. ఇప్పటికి మాత్రం ఒక బీపీ మిషను, ఒక థర్మామీటరు, ఒక రబ్బరు షీటు కొనుక్కుని ఇంట్లోనే ఉండండి. తర్వాత మీ ఆయన్ని నర్సింగ్ స్కూలుకి ప్రిపేర్ అవమనండి.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. మా ఆయన చాలా ఏళ్ళు సైన్యంలో పనిచేసి, బయటికొచ్చి నర్సు కావాలనుకున్నాడు. ఒకసారి క్యాంపులో జ్వరంతో పడి ఉంటే, ఒక మగ నర్సు రాత్రింబవళ్ళు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాడట. అప్పటి నుంచీ ఇదే ధ్యాస. ఆఖరి సెలవు మీద ఇంటికొచ్చాడు. ఆ సెలవు అయిపోయేలోగా నర్సింగ్ స్కూల్లో సీటొస్తే సైన్యం వదిలేస్తుంది. రాకపోతే ఇంకో నాలుగేళ్ళకి సంతకం పెట్టి, భార్యల్ని అడుగు పెట్టనివ్వని మంచుకొండల క్యాంపుకి పోవాలి. అంటే నా కాపురమంతా ఫోన్లోనే!

కాబట్టి ఆయన చదువు నా చదువు కూడా అయింది. సిలబస్ ఆయనది, శరీరం నాది.

ఇందులో ఉన్న సుఖం మీకు తెలియదు. మామూలు ఇళ్ళల్లో మొగుళ్ళు పొద్దున్నే ఏమడుగుతారు? కాఫీ అడుగుతారు. మా ఆయన, నిద్ర పట్టిందా, తల తిరుగుతోందా, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగేవాడు. అన్నీ శ్రద్ధగా విని, తలూపి, ఆ తర్వాత తనే వెళ్ళి కాఫీ పెట్టేవాడు. మా స్నేహితురాలు కళ్ళజోడు మార్చిన సంగతి వాళ్ళాయనకి ఇప్పటికీ తెలియదు. మా ఆయనకి నా నాలుక రంగు తెలుసు. ప్రేమంటే ఏదో చెప్పండి!

ఇక నాడి చూడటం. పూటపూటకీ నా చెయ్యి పట్టుకుని గడియారం వైపు చూసేవాడు. మొదట్లో నాడి మరీ వేగంగా కొట్టుకునేది. ఆయన కంగారుపడి పుస్తకమంతా తిరగేశాడు. జ్వరం లేదు, రక్తం తక్కువ కాలేదు, నేను పరుగెత్తి రాలేదు. మరి కారణం? ఆ కారణం పుస్తకాల్లో ఉండదని నాకు తెలుసు. కానీ చెప్పలేదు. చెబితే చెయ్యి వదిలేస్తాడేమోనని భయం.

అయితే సైన్యం మనిషిని వదిలినంత తేలిగ్గా మనిషి సైన్యాన్ని వదలడు. మా ఆయన బూట్లు, హెల్మెట్టు, నీళ్ళ సీసా అన్నీ స్టోర్‌లో అప్పగించి వచ్చాడు. గొంతు ఒక్కటీ అప్పగించడం మర్చిపోయాడు. ‘నోరు తెరువు’ అంటే నాతోపాటు పక్కింటివాళ్ళు కూడా తెరిచేవారు. ‘పక్కకి తిరుగు’ అంటే, మంచం మీద పడుకున్నదాన్ని, మడమలు రెండూ జోడించి మరీ తిరిగేదాన్ని.

ఇది పరీక్షలో పనికిరాదని చెప్పాను. పాపం, గొంతు తగ్గించడం మొదలుపెట్టాడు. ఎంత తగ్గించాడంటే, ‘కొంచెం నోరు తెరుస్తావా’ అని ఆయన అడిగే తీరుకి నాకేదో మందులేని జబ్బు వచ్చిందని నాకే అనుమానం వచ్చింది. రెండు గొంతులకీ మధ్య ఒకటి దొరకడానికి చాలా రోజులు పట్టింది. దొరికాక దాన్ని నామీద తప్ప ఎవరిమీదా వాడొద్దని అడగాలనిపించింది. కానీ నర్సింగ్‌లో అది కుదరదు కదా!

అన్నిటికన్నా పెద్ద అదృష్టం పక్క వెయ్యడం. మనిషి పడుకుని ఉండగానే కింద దుప్పటి మార్చి, పైన దుప్పటి కప్పి, అంచులు పరుపు కిందికి దోపాలి. పరీక్షలో ఇది తప్పకుండా ఉంటుంది. మా ఆయనకి ఇది కొట్టిన పిండి. సైన్యంలో ఆయన వేసిన పక్క మీద గుండుసూది పడితే టింగుమనేదట. ఒకరోజు ఆ పద్ధతిలోనే నామీద దుప్పటి కప్పి, నాలుగు వైపులా బిగించి దోపి, రబ్బరు షీటు ఆరేసి వస్తానని డాబా మీదికి వెళ్ళాడు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. నేను లేవబోతే లేవలేకపోయాను. కాళ్ళు కదలవు, చేతులు రావు. తలుపు దగ్గరకే వేసి ఉండటంతో మా మామగారు లోపలికి వచ్చేశారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, వెనక వీధిలోనే ఉంటారు. గడ్డం దాకా దుప్పటిలో బిగిసిపోయి ఉన్న కోడల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“అమ్మాయ్, ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉంది మామయ్యా. లేవడానికే వీలవట్లేదు.”

మర్యాదస్తుడు కాబట్టి ఆయన ముఖం అటు తిప్పుకుని కొడుకుని కేకేశారు. మా ఆయన దిగొచ్చాడు.

“ఏరా, పెళ్ళాన్ని ఇలా కట్టిపడేశావేంట్రా?”

“కట్టెయ్యలేదు నాన్నా. పక్క వేశాను.”

మామగారికి కావలసిన అవకాశం దొరికింది. తన బస్సెక్కినవాళ్ళందరికీ ఆయన ఏళ్ళ తరబడి కొడుకు సైన్యం గురించి చెప్పారు. టిక్కెట్టు తీసుకున్నవాళ్ళు స్టాపు వచ్చేదాకా వినక తప్పేది కాదు. అలాంటి తండ్రికి ఈ నర్సు సంగతి మింగుడుపడలేదు.

“ఇన్నాళ్ళూ మావాడు సరిహద్దు దగ్గరున్నాడని చెప్పుకున్నాను. ఇప్పుడేమని చెప్పుకోను? మంచం దగ్గరున్నాడనా? తుపాకీ పట్టిన చేత్తో ఉచ్చడబ్బా పడతావట్రా?”

“తుపాకీ కన్నా అది తేలిక నాన్నా,” అన్నాడు మా ఆయన, దుప్పటి అంచులు లాగుతూ.

నా కాలివేళ్ళు కందిపోయి ఉన్నాయి. వాటిని చూసి ఆయన ముఖం మాడిపోయింది. పుస్తకం తెచ్చి నిలబడే చదివాడు. పాదాల దగ్గర దుప్పటిని ఒక మడత వదులుగా ఉంచాలి, లేకపోతే పేషెంటు వేళ్ళు నలిగిపోతాయి అని రాసి ఉంది.

“మాకెప్పుడూ ఇది చెప్పలేదు,” అన్నాడు పుస్తకం మూస్తూ. “అక్కడ ఆఫీసరు చూసిపోవడానికి పక్క వేస్తాం. అందులో ఎవరైనా పడుకుంటారని అనుకోం.”

మళ్ళీ కప్పి, పాదాల దగ్గర ఒక మడత వదిలి, వేళ్ళు కదపమన్నాడు. కదిపాను. హాయిగా కదిలాయి. మామగారు నా వేళ్ళ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఏ జలపాతం దగ్గరైనా ఇంత సంతోషం దొరుకుతుందా?

పరీక్ష రోజు నేను స్కూలు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల మేట్రనే పేషెంటుగా పడుకుందట. పక్క వేసి, నాడి చూసి, మంచినీళ్ళు పట్టమన్నారు. ఆవిడ గ్లాసు తోసేసి, తాగనంది. మళ్ళీ ఇస్తే మళ్ళీ తోసేసింది. సైన్యంలో ఇలాంటి మనిషిని ఏం చేస్తారో మా ఆయనకి బాగా తెలుసు. కానీ ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, “సరే అమ్మా, మీకు తాగాలనిపించినప్పుడే తాగుదురుగాని, నేనిక్కడే ఉంటా,” అన్నాడట. ఆవిడ కాసేపటికి తనే గ్లాసు అడిగింది.

సీటొచ్చింది! సైన్యం వదిలేసింది. మంచుకొండలు వాటి చోట అవి ఉండిపోయాయి. ఇక రోజూ సాయంత్రం ఆయన ఇంటికొస్తాడు, నేర్చుకున్నదంతా నామీద ప్రయోగిస్తాడు అని ఇల్లంతా గంతులేశాను.

చేరడానికి వెళ్ళిన రోజు హాస్టల్ వార్డెన్ మమ్మల్ని కూర్చోబెట్టింది. మంచి మనిషి. చదివినన్నాళ్ళూ హాస్టల్లో ఉండటం తప్పనిసరి అని చెప్పింది. ఇది ఆడపిల్లల హాస్టల్ కదా అని నేను ఆశగా గుర్తుచేశాను. రూలు రూలేనట. మా ఆయన కోసం ఒక స్టోర్‌రూమ్ ఖాళీ చేయించి సున్నం కూడా వేయించారట.

“ఈ ఏడాది మగపిల్లాడు ఇతనొక్కడే,” అంది.

మగపిల్లాడు! చెవుల పక్కన నెరుస్తున్న మనిషి.

ఆ మగపిల్లాడు ఆదివారం గేటు దాటాలంటే తండ్రి సంతకం కావాలట. సైన్యం ఒక సెక్షన్ జవాన్ల ప్రాణాలు ఆయన చేతిలో పెట్టింది. వీళ్ళు ఒక సబ్బు కొనుక్కునే పని కూడా పెట్టరు. చూడటానికి తల్లిదండ్రులు మాత్రమే రావచ్చట.

“నేను ఆయన భార్యనండీ,” అన్నాను.

ఆవిడ నిజంగానే ఇబ్బందిపడింది. “భార్యల గురించి రూలు లేదమ్మా. ఈ స్కూల్లో ఇంతవరకూ ఎవరికీ భార్య లేదు.”

అలా మా మామగారు ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని దర్జాగా లోపలికి వెళ్ళొస్తున్నారు. నేను గేటు బయట ఆయన చెప్పులకి కాపలా. కొడుకుని మళ్ళీ ఏదో సరిహద్దులో పెట్టినట్టు ఆయనకి తృప్తిగానే ఉంది.

నేను ఫిర్యాదు చెయ్యడం లేదు. క్రమశిక్షణ మంచిదే. మంచుకొండలయితే రైల్లో పోవాలి, ఈ గోడ దగ్గరికి నడిచే పోవచ్చు. మరి నేనెలా చూడాలని అడిగితే వార్డెన్ దారి కూడా చూపించింది. “పక్కనే మన ఆసుపత్రి. పేషెంట్లని రోజూ చూసుకుంటాడు,” అంది మనస్ఫూర్తిగా.

కాబట్టి పాఠకులారా, మీకు తెలిసిన జబ్బేదైనా ఉంటే దయచేసి చెప్పండి. నొప్పి ఉండకూడదు. అంటుకునేది వద్దు, వేరే గదిలో పడేస్తారు. నయం కావడానికి ఆ చదువు పూర్తయ్యేదాకా పట్టాలి. మొదటి ఏడాది వాళ్ళని ప్రస్తుతం ఎముకల వార్డులో వేశారని మామగారు చెప్పారు.

నిన్నటి నుంచీ మా డాబా మెట్ల వైపు చూస్తున్నాను. మరీ పొట్టిగా కట్టారు.