అతిథికి ఎండు రొట్టె

ఉషాంగి పక్కింటివాడు కాకపోయి ఉంటే ముర్మాన్ ఈపాటికి బాగుపడి ఉండేవాడు. ఇది ముర్మాన్ మాటే గాని, జరిగింది విన్నవాళ్ళెవరూ కాదనలేదు. జార్జియా దేశంలో, కఖేతీ ద్రాక్షసీమలో, మా ఊరికి పెళ్ళయినా చావయినా విందుపెద్ద ఉషాంగే. చేతికి గ్లాసిస్తే చాలు, దేవుడి దగ్గర మొదలుపెట్టి పుట్టబోయే దూడల దాకా అందరి పేరునా మాట చెబుతాడు. మాటమాటకీ అందరి చేతా గ్లాసు ఖాళీ చేయిస్తాడు. తను మాత్రం నిటారుగా నడిచి ఇంటికి పోతాడు.

ఆ రోజు పొద్దున ముర్మాన్ అనుకున్న పని చాలా చిన్నది. బెల్జియం నుంచి హిల్డె అనే ఆవిడ అతని వైను రుచి చూడడానికి వస్తోంది. నచ్చితే, నేలలో మెడదాకా పాతిన మూడు వందల లీటర్ల మట్టిబాన మొత్తం కొంటుంది. ఆ పైన ఏటా కొంటుంది. నచ్చకపోతే పోయినేడులాగే ఫ్యాక్టరీ లారీకి నీళ్ళ ధరకి పోసేసి, చలికాలానికి రాజధాని త్బిలిసీలో ఏదో గోదాముకి కాపలా పోవాలి. ఆవిడ ఫోనులోనే కచ్చితంగా చెప్పేసింది. విందు వద్దు, పాటలు వద్దు, గ్లాసు పట్టుకుని ఉపన్యాసాలు అసలే వద్దు. ఎండు రొట్టె, మంచినీళ్ళు, ఉమ్మడానికో బకెట్టు ఉంటే చాలు.

"ఉమ్ముతుందా?" అంది ముర్మాన్ భార్య లమారా. "మన వైనుని?"

"అందరిదీ ఉమ్ముతుందట. ఆవిడ ఉద్యోగమే అది."

"ఉమ్మడానికి విమానమెక్కి రావాలా? వాళ్ళూళ్ళో చోటు లేదా?"

"ఈ ఒక్కరోజూ నోరు కట్టుకోవే. పొయ్యి వెలిగించకు. వంట వాసన తగిలితే ఆవిడకి వైను వాసన అందదట."

"ఇంటికి మనిషొస్తే పొయ్యి వెలగదా? మా అమ్మ బతికుండగా ఈ ఇంట్లో అది జరగదు."

నిజమే, జరగదు. లమారా తల్లి నుత్సా తొంభైకి దగ్గరపడిన మనిషి. పొద్దున్నించి సాయంత్రం దాకా గేటు పక్క బెంచీ మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళని కూడా లోపలికి పిలిచి తినిపిస్తుంది. ముర్మాన్ అది కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. మీ చెల్లెలు నిన్ను కలవరిస్తోందట అత్తయ్యా అని చెప్పి, తెల్లారగానే ఆమెను పక్కూరి మినీబస్సు ఎక్కించాడు. వచ్చి గేటు మూశాడు. బానకి మెత్తిన బంకమట్టి గీకి, రాతిమూత జరిపాడు. లమారా తన బట్టల్లో కాస్త గంభీరంగా ఉన్న నల్లగౌను వేసుకుంది.

హిల్డె సమయానికి వచ్చింది. ఆవిడ బట్టలూ నలుపే. మా భాష పాత పుస్తకాల్లో నేర్చుకున్నదట, ఆ మాటలు ఆ పుస్తకాల్లాగే ఉన్నాయి. "శ్రమ కలిగించుచున్నందులకు మన్నింపుడు. నిశ్శబ్దముగా ఆరంభింతము," అంది. ముర్మాన్ పొడుగు కర్ర కట్టిన సొరబుర్రతో వైను తోడి గ్లాసులో పోశాడు. ఆవిడ గ్లాసు తిప్పింది, వాసన చూసింది, కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉండి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, బకెట్టులో ఉమ్మింది. ముర్మాన్ దంపతులు గోడ వారన నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి జుజునా జల్లెడ అడగడానికి వచ్చి, మూసిన గేటు సందులోంచి చూసింది. బెంచీ మీద నుత్సా లేదు. లమారా నల్లబట్టల్లో ఉంది. బాన తెరిచి ఉంది. పొయ్యిలోంచి పొగ లేదు. ఎవరో నల్లబట్టల మనిషి కళ్ళు మూసుకుని రుమాలు ముక్కుకి అద్దుకుంటోంది. ఆమె ముందు ఉన్నది ఎండు రొట్టె, నీళ్ళు. ఉపవాసదినాలు పోయిన వారమే అయిపోయాయి. మా ఊళ్ళో పుట్టిన వాళ్ళెవరికైనా ఇంకో అర్థం తోచదు. జుజునా జల్లెడ సంగతి మరిచిపోయి వీధిలోకి పరుగెత్తింది.

హిల్డె రెండో గ్లాసు ఉమ్మేసరికి గేటు తెరుచుకుంది. ముందు ఉషాంగి, చేతిలో టోపీ. వెనక ఆడవాళ్ళు, చిక్కుడుగింజల గిన్నెలు, చల్లని చేప, ఎండుద్రాక్ష వేసిన అన్నం. చావింటికి తెచ్చే వంటలన్నీ వచ్చాయి.

"మనిద్దరి మధ్యా ఏమున్నా, ఈ రోజు నేను రాకుండా ఉంటానా తమ్ముడూ," అని ఉషాంగి ముర్మాన్‌ని కౌగిలించుకున్నాడు.

"ఎవరూ పోలేదు అన్నా. దయచేసి వెళ్ళిపో."

"మొదట అందరూ అలాగే అంటారు. మా నాన్న పోయినప్పుడు నేనూ అన్నాను."

"అత్తయ్య చెల్లెలింటికి వెళ్ళిందయ్యా."

"అక్కడ పోయిందా? అయ్యో, సొంత మంచం మీద కూడా కాదు," అంది జుజునా.

"పోలేదు అంటున్నాను కదా."

ఉషాంగి బల్ల వంక చూశాడు. "పోకపోతే అతిథి ముందు ఎండు రొట్టె ఎందుకుంది?"

ఎవరూ పోకుండానే అతిథికి ఎండు రొట్టె పెట్టాడంటే పిసినారి అని ఊరు ఊరంతా అంటుంది, మనవల దాకా అంటుంది. చావుకైనా మందుంది గాని పిసినారి అన్న పేరుకి మా వైపు మందు లేదు. ఈలోగా లమారా సిగ్గుతో ఏడుపు మొదలుపెట్టింది. దాంతో ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది.

"వీరెల్లరు ఎందులకు వచ్చిరి?" అని హిల్డె మెల్లగా అడిగింది.

"వైను మీద గౌరవం అమ్మా. కాసేపట్లో పోతారు."

"మంచిది. నేనును నా తుది మాట చెప్పవలసి యున్నది."

చెప్పే లోపల ఉషాంగి బల్ల చివర కూర్చుని గ్లాసు ఎత్తాడు. విందుపెద్ద మాట్లాడుతుంటే అడ్డు రాకూడదని హిల్డె ఏదో పుస్తకంలో చదివిందట. ఆవిడ నోరు మూసుకుంది. ఈ పద్ధతి పొల్లుపోకుండా పాటించాలని గట్టిగా నిశ్చయించుకున్నట్టు వీపు నిటారు చేసి కూర్చుంది. ఉషాంగి నుత్సా పేరున, ఆమె పెట్టిన భోజనాల పేరున మాట చెప్పాడు. అందరూ పోయినామె వాటాగా రొట్టెముక్క మీద ఇన్ని చుక్కలు వంచి, గ్లాసులు ఖాళీ చేశారు. హిల్డె కూడా ఒక గుక్క తీసుకుని, అటూ ఇటూ పుక్కిలించి, బకెట్టులో ఉమ్మింది.

అందరి కళ్ళూ బకెట్టు మీదికి పోయాయి.

"పోయిన మనిషి పేరున తాగింది ఉమ్మేసింది," అంది జుజునా.

"దుఃఖం," అన్నాడు ముర్మాన్. ఆ ఒక్క మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు. "గొంతు దిగడం లేదు ఆవిడకి."

ఉషాంగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "విన్నారా? పరాయి దేశం మనిషి, మన ముసలామెని ఎరిగి కూడా ఉండదు. ఆవిడకి గొంతు దిగడం లేదు. మనమో? వాగు పక్క ఏడు వరసల ద్రాక్షతోట కోసం నేనూ వీడూ ముఖాలు చూసుకోవడం మానేశాం. మా తాత నాటిన తీగలే అవి, అయినా ఇవాళ ఆ మాట ఎత్తను."

"ఎత్తావు కదా," అన్నాడు ముర్మాన్.

"ఎత్తనంటున్నాను. ఆ తీగలు మా తాత ఒంటిచేత్తో ఎలా నాటాడో కూడా చెప్పను," అంటూ అదంతా మొదటినించి చెప్పసాగాడు.

హిల్డె ఒకసారి గడియారం చూసుకుంది. ముర్మాన్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ ఏడు వరసల్లో రాళ్ళెక్కువ, కాపు తక్కువ, పోట్లాట మరీ ఎక్కువ. బాన అమ్ముడుపోతే అంతకు రెండింతల నేల కొనుక్కోవచ్చు. అతను గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అత్తయ్య పేరున చెబుతున్నాను. ఆ ఏడు వరసలూ నీవే అన్నా. తీసుకో. ఈ గ్లాసు తాగి అందర్నీ తీసుకుని వెళ్ళు."

ఉషాంగి తాగాడు. వెళ్ళడం మాత్రం కుదరలేదు. అంత మంచి మాట చెప్పినవాణ్ణి ఒంటరిగా వదిలి ఎలా వెళతారు? "కూజాలు నింపండి. తెరిచిన బాన సగంలో ఆపితే పులిసిపోతుంది," అన్నాడు ఉషాంగి. ముర్మాన్ పరుగెత్తి మూత జరపబోయాడు. "దుఃఖంలో ఉన్నవాడి చేత పని చేయిస్తారా? కూర్చోబెట్టండి," అన్నాడు ఉషాంగి. ఇద్దరు బలమైన మనుషులు ముర్మాన్‌ని అటొకరు ఇటొకరు ప్రేమగా పట్టుకుని కూర్చోబెట్టారు. పై వీధివాళ్ళూ వచ్చారు, వాగవతలివాళ్ళూ వచ్చారు. సొరబుర్ర బానలోకి దిగుతూనే ఉంది. హిల్డె ఉమ్మడం మానేసింది. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఉషాంగి ఇంకో మాటకి లేచాడు.

మధ్యాహ్నం దాటాక మినీబస్సు ఆగింది. నుత్సా దిగి, గేటు దగ్గర నిలబడి పెరడంతా కలయజూసింది.

"ఎవరు పోయారే?"

"నువ్వే అత్తయ్యా," అంది జుజునా.

"ఏం వండారు?"

చెప్పారు. ఆ బెల్జియం ఆవిడకి ఏం పెట్టారని అడిగింది. అదీ చెప్పారు. ఆమె అల్లుడి వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయడం అనవసరం. మనిషి తిరిగొచ్చినందుకు ఉషాంగి దేవుడి దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పాటలు కూడా పాడారు. లమారా పొయ్యి వెలిగించింది. చీకటి పడకముందే సొరబుర్ర బాన అడుగున గరగరలాడింది.

ముర్మాన్ ఉషాంగి చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, అత్తయ్య బతికే ఉందిగా. ఆ వరసల సంగతి..."

ఉషాంగి ఊరి పెద్దల వంక చూశాడు. వాళ్ళు తల అడ్డంగా ఊపారు. "మనిషి తిరిగొచ్చింది గాని, గ్లాసు మీద చెప్పిన మాట తిరిగిరాదు తమ్ముడూ," అన్నాడు మెత్తగా.

అప్పటికి గాని హిల్డెకి మాట్లాడే వంతు రాలేదు. ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. "మొదటి గుక్కయందే నిశ్చయించుకొంటిని. ఇట్టి వైను నేనెన్నడును చవిచూడలేదు. బాన యంతయు కొనెదను."

లమారా బాన వైపు చూపించింది. హిల్డె వెళ్ళి లోపలికి తొంగిచూసింది.

"విచారము వలదు," అంది. "వచ్చు సంవత్సరమునుండి ఏటేట కొనెదను. ఈ ద్రాక్ష ఏ నేలలోనిది?"

"వడగళ్ళకి మిగతా తోటంతా పోయిందమ్మా," అన్నాడు ముర్మాన్. "ఇదంతా వాగు పక్కదే."

"మా తాత నాటినది," అని ఉషాంగి కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టాడు.

ఆ మీదట ముర్మాన్ త్బిలిసీ వెళ్ళి గోదాము కాపలాలో చేరాడు. పోయిందెంత అని ఎవరడిగినా తడుముకోడు: ఏడు వరసలు, నాలుగు వందల పన్నెండు తీగలు, వాగు వైపు కంచెతో సహా.