టెంకాయ చూపించిన కోర్సు

మా నందిని పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయిందని ఫోన్లో చూసి చెప్పగానే మా ఆయన గంతేశాడు. నేను గడప మీద కూలబడ్డాను. ఫెయిలవుతుందేమోనని పరీక్షలైన దగ్గర్నుంచీ భయపడి భయపడి ఆ భయానికి బాగా అలవాటు పడిపోయాను కదా! ఇప్పుడు పాసయితే దేనికి భయపడాలో తెలియక కాళ్లాడలేదు.

ఎక్కువసేపు పట్టలేదు లెండి. పాసయిన పిల్ల పైచదువుకు పోతుంది. పైచదువంటే బస్సు, బస్సంటే మలుపు, మలుపంటే లారీ. ఆయన అంగడికి పోయి మిఠాయి తెచ్చేలోపల నేను మా పాపను ఆసుపత్రిలో చేర్పించి, ఏడ్చి, ముక్కు తుడుచుకుని కూర్చున్నాను.

"ఏం మే, బిడ్డ పాసయితే మొగం అట్ల పెట్టినావు?" అన్నాడు.

"నీకేమప్పా, నవ్వేది నీ పని, భయపడేది నా పని. ఇద్దరమూ నవ్వుకుంటా కూచుంటే ఇల్లు చూసుకునేదెవరు?"

అప్పుడే మా పాప మిఠాయి నోట్లో పెట్టుకుని తాపీగా చెప్పింది. "నాయనా, నేను అనంతపురంలో ఐటిఐ చేరతా. ఎలక్ట్రీషియన్. ఆడ హాస్టలు కూడా ఉండాది."

నా చేతిలో మిఠాయి కింద పడింది. కరెంటు! మా అన్న సుంకన్న తడి చేత్తో మోటారు స్టార్టరు ముట్టుకుని, శనక్కాయ చేను దాటి పక్కవాళ్ల చేనులో పడ్డాడు. బతికాడనుకోండి. కానీ ఇప్పటికీ ఎవరైనా స్విచ్చు దగ్గరికి పోతే బయటికి వెళ్లి నిలబడతాడు. అట్లాంటి కరెంటును నా కూతురు వెతుక్కుంటూ అనంతపురం దాకా పోతుందట!

"మంచి చదువులే యాడా దొరకలేదా పాపా?" అన్నాను. "కుందుర్పిలో కుట్టు నేర్పిస్తాండారు. పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు చేరతావు. లేదంటే కళ్యాణదుర్గంలో ఇంటరు."

"నాకు కుట్టు రాదు మా, ఇష్టం లేదు. ఇంటరు చదివి మళ్లీ ఏం చదవల్లని అడుక్కునే బదులు, రెండేండ్లకు చేతిలో పని ఉంటాది. అడ్మిషన్‌కు సోమవారమే ఆఖరు."

మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు. ఇంట్లో ఏది తేల్చాలన్నా ఆయన చూసేది గోడ వైపే.

*

మా ఆయన పేరు ఎర్రన్న. ఊళ్లో అందరూ టెంకాయ ఎర్రన్న అంటారు. మా పక్క బోరు వేయాలంటే ముందు పాయింటు చూపించుకోవాలి. పాయింటు చూసేవాడు అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి పొలమంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ నిక్కి నిలబడుతుంది. అక్కడ బోరు దించుతారు. మా పొలంలో టెంకాయ నిలబడిన ప్రతిచోటా ఈయన బోరు వేయించాడు. ప్రతి బోరూ దుమ్ము పోసింది. ఒక్కదాంట్లో మాత్రం తడి దుమ్ము వచ్చింది. ఆ రోజు వీధంతా బెల్లం పంచాడు.

"టెంకాయ తప్పు లేదు మే. బోరు లారీ వచ్చేలోపల నీళ్లు పక్కకు జరిగినాయి" అంటాడు ఇప్పటికీ.

నా మాట వినడు, మా అత్త మాట వినడు, డాక్టరు మాట అసలే వినడు. టెంకాయ మాటకు మాత్రం ఎదురు చెప్పడు. అంత నమ్మకం ఇంట్లో ఊరికే పడి ఉంటే వాడుకోకుండా ఎట్లా ఉంటాను?

"ఇదో, పాప చదువుకు కూడా గంగప్ప మామతో పాయింటు చూపిస్తే ఏం?" అన్నాను అన్నం వడ్డిస్తూ.

ఆయన ముద్ద ఆపాడు. "చదువుకు చూస్తాదా అది?"

"భూమిలో అంత లోతున ఉండేది చూసేది, ఎదురుగా నిలబడిన పిల్ల తలలో ఉండేది చూడదా?"

మా ఆయన నా వైపు చూసిన చూపు పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు. "నీకింత తెలివి ఉండాదని నాకెప్పుడూ చెప్పలేదే!"

విచిత్రమేమిటంటే మా పాప కూడా ఎదురు చెప్పలేదు. "సరే మా. టెంకాయ ఏం చెప్తే అదే. ముగ్గుపిండితో కోర్సుకొక గడి నేనే గీస్తా, కుట్టుకు తూర్పు మూల. ఆదివారం మధ్యాన్నమైతే అందరూ ఇండ్లలోనే ఉంటారు" అంది. పిల్లకు బుద్ధి వచ్చిందని సంతోషపడ్డాను. బుద్ధి వచ్చిన మాట నిజమే.

*

శనివారం చీకటితోనే గంగప్ప మామ ఇంటికి పోయాను. ఆయన మా మామగారికి వరసకు తమ్ముడు. మండలమంతా పాయింటు గంగప్ప అంటుంది.

"మామా, రేపు తూర్పు మూల గడిలో కుట్టుపని ఉంటాది. టెంకాయ ఆడ లేవల్ల."

గంగప్ప మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏం మాట కోడలా అది? నా టెంకాయ అబద్ధానికి లేస్తాదా? మా తాతల కాలం నుంచీ వచ్చిన విద్య ఇది!"

"పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తాండా మామా."

"విద్యను ఓళిగలకు అమ్ముకోమంటావా!"

"నెయ్యి పోసి."

మామ కాసేపు ఆకాశం వైపు చూశాడు. "తూర్పు మూలనే అన్నావు కదా?"

*

ఆదివారం మధ్యాహ్నం మా వాకిట్లో ఎండ పెనం మీద నూనెలా మరుగుతోంది. అయినా వీధి వీధంతా వచ్చేసింది. పక్కింటి బయ్యన్న వాళ్ల వంశీని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. "మావానికీ చూడప్పా. ఇంటరు చదువుతాడో, పొట్టేళ్లు మేపుతాడో ఒకేసారి తేలిపోతాది." ఎవరు చెప్పారో ఏమో, ఐస్ బండివాడు కూడా గేటు ముందు నిలబడి గంట కొడుతున్నాడు.

ఎదురింటి ఎస్తేరక్క కుర్చీ తెచ్చుకుని అందరికన్నా ముందు వేసుకుంది. "మేము టెంకాయలు నమ్మం నారాయణమ్మా. ఊరికే చూసేదానికి వచ్చినా" అని చెప్పి, అడ్డం నిలబడినవాళ్లను పక్కకు జరగమంది.

మా పాప మూడు గడులు గీసి ఉంచింది. తూర్పు మూల కుట్టుపని. పడమటి గోడ పక్కన ఇంటరు. వేపచెట్టు కింద ఎలక్ట్రీషియన్. అన్నిట్లోనూ పేర్లు ముత్యాల్లా రాసింది.

గంగప్ప మామ చెప్పులు విడిచాడు. చెప్పులతో పాయింటు చూడరు. "టెంకాయ ఎవరిస్తారు?" అన్నాడు.

నేను ఒక్క అంగలో ముందుకు దూకి, పొద్దున్నే ఏరి పెట్టుకున్న టెంకాయ ఆయన చేతిలో పెట్టాను. ఇంకెవరైనా ఇస్తే వంకర టెంకాయ ఇస్తారేమో, లేవదేమో అని నా భయం.

మామ కళ్లు మూసుకున్నాడు. గబగబా నడిచాడు. ఇంటరు గడి దాటాడు, చెట్టు దాటాడు, తూర్పు మూలకు పోయి ఒళ్లంతా ఊపాడు. అరచేతిలో టెంకాయ నిటారుగా నిలబడింది! జనం హో అన్నారు.

"అయ్యో! నేను ఎలక్ట్రీషియన్ వస్తాదేమో అనుకుంటినే!" అని బుగ్గన చెయ్యి పెట్టుకున్నాను. నా నటనకు నాకే ముచ్చటేసింది.

"కుట్టే!" అన్నాడు మా ఆయన. "టెంకాయ చెప్పినంక ఇంక మాటల్లేవు."

"లేవు నాయనా" అంది మా పాప. "ఒక్కటే అడుగుతా. తాతా, పాయింటు ఎవరికి చెప్పినట్ల లెక్క?"

"ఎవరికేంది పాపా? టెంకాయ ఎవరి చేత్తో ఇస్తే వాళ్లకే చెప్తాది. ఇది అందరికీ తెలిసిందే కదా" అన్నాడు మామ మీసం తిప్పుతూ. తిప్పుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

ఐస్ బండి గంట కూడా ఆగింది.

"ఇచ్చింది అమ్మ కదా" అంది మా పాప.

"ఏయ్, అదేం లెక్క!" అని అరిచాను. "నేను ఊరికే అందిస్తి!"

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. శాస్త్రం దగ్గర ఆయన పెళ్లాన్ని కూడా చూడడు. "కాదు మే. బయ్యన్న పొలంలో చూసేటప్పుడు వాని బామ్మర్ది టెంకాయ ఇచ్చినాడు. నీళ్లు యాడ పడినాయి? బామ్మర్ది పొలంలో!"

"ఆ మాట ఇప్పుడేంటికెత్తుతావన్నా?" అన్నాడు బయ్యన్న మొహం మాడ్చుకుని. "వానితో నాకు మాటల్లేవు."

"అయితే నారాయణమ్మే కుట్టు నేర్చుకోవల్ల!" అని ఎస్తేరక్క కుర్చీలోంచి లేచింది. "కుందుర్పిలో నేర్పించేది మా కోడలు గౌతమే కదా. రేపే పంపిస్తే సరి!"

"నీకు టెంకాయ మీద నమ్మకం లేదంటివే అక్కా?"

"ఈ ఒక్క టెంకాయ మంచిదిలే."

నేను గంగప్ప మామ వైపు చూశాను. మామ తన కాలి బొటనవేలి వైపు చూశాడు. కాదనాలంటే ఆయన విద్య పోతుంది. నేను కాదనాలంటే ఓళిగల సంగతి బయటపడుతుంది.

మా పాప ఇంకో టెంకాయ తెచ్చి తన చేత్తో ఇచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మామ మళ్లీ తూర్పు మూలకే కదా పోతాడు! ఆయన అటు తిరిగాడు కూడా. అంతలో మా పాప పోయి చీపురుతో ఆ గడి తుడిచేసింది.

"పాయింటు ఒకరికి పడిన చోట ఇంకొకరికి చూడరు కదా నాయనా?"

"చూడరు, చూడరు" అన్నాడు మా ఆయన. "తప్పు!"

మిగిలినవి రెండు. పోతే పోనీ, ఇంటరైనా చాలనుకుని పడమటి గోడ వైపు కనుబొమ్మలు ఎగరేశాను. మామకు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా ఎగరేశాను.

"కంట్లో నలక పడినట్లుండాది, ఊదించుకో" అంది ఎస్తేరక్క.

ఎట్లాగో మామ గోడ వైపు నాలుగు అడుగులు వేశాడు. ఐదో అడుగు దగ్గర ఎగిరాడు. ఒక కాలు ఎత్తాడు, అది దించి ఇంకో కాలు ఎత్తాడు. "వచ్చిందప్పా, ఊపు వచ్చింది!" అని జనం అరిచారు. మామ ఆ ఊపుతోనే వాకిలంతా చిందులేసుకుంటూ ఉరికి వేపచెట్టు కిందికి పోయి పడ్డాడు. అక్కడ రెండు కాళ్లూ నేలకు ఆనించి, "అబ్బా" అని ప్రాణం పోయినట్లు నిట్టూర్చాడు. అరచేతిలో టెంకాయ తనంతట తానే నిలబడింది.

మా ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అంత దూరం ఉరికించిందంటే పెద్ద పాయింటే ఇది!"

*

ఓళిగలు తింటున్న గంగప్ప మామను వంటింట్లో పట్టుకున్నాను. "ఏం మామా, ఇట్ల చేస్తివి?"

"తిట్టొద్దు కోడలా. నీకిచ్చిన మాటకు ఒకతూరి లేపినా కదా. రెండోతూరికి కాళ్లు బొబ్బలెక్కె. వాకిట్లో నీడ ఉండేది ఆ ఒక్క గడికే. ఆడ నీళ్లు కూడా సల్లి పెట్టిండె మీ పాప. ఎంత సల్లగా ఉండెనో!" అని ఇంకో ఓళిగ అందుకున్నాడు.

సాయంత్రం మా పాప నా పక్కన వచ్చి కూర్చుంది. తిట్టాలని నోరు తెరిచాను.

"నీతో కొట్లాడితే అన్నం మానేస్తావు మా" అంది. "నాయనతో కొట్లాడదామంటే గోడను చూస్తాడు. నేనేం చేయల్ల? మన వీధిలో ఫ్యూజు పోతే ఇప్పటికీ కట్టెపుల్లతో పొడుస్తాండారు. సుంకన్న మామకు షాకు కొట్టింది కరెంటు వల్ల కాదు, తెలీక. నేను తెలుసుకునే దానికే కదా పోతాండేది."

నేను లేచాను. పెట్టెలో పాప పావడాలు మడిచి పెట్టాను, పైన రబ్బరు చెప్పులు ఒకటికి రెండు జతలు పెట్టాను. సోమవారం మా ఆయన పాపను వెంటబెట్టుకుపోయి సీటు ఇప్పించి, హాస్టల్లో వదిలి వచ్చాడు.

నన్నెవరూ వదల్లేదు. టెంకాయ చెప్పిన మాట కాదంటే ఇంటికి అరిష్టమని మా ఆయన, సీటు ఉంచానని ఎస్తేరక్క. చదివింది ఏడో తరగతి, వయసు నలభై దాటింది. సంచిలో టేపు, కత్తెర పెట్టుకుని కుందుర్పి పోయి ఆడపిల్లల మధ్య కూర్చున్నాను. గౌతమి నా ముందు మిషను పెట్టింది. చూద్దును కదా, దాని వెనక తోకలాగా వైరు!

"తొక్కే పనిలేదత్తా, ఇది కరెంటు మిషను" అంది గౌతమి.

చెమటలు పట్టాయి. వెంటనే అనంతపురానికి ఫోన్ చేశాను.

"భయపడొద్దు మా" అంది మా పాప. "చేతులు తడిగా ఉండాయా? తుడుచుకో. వైరు యాడైనా చినిగిందా చూడు. లేదు కదా? కాళ్లకు చెప్పులుండాయి కదా? ఇప్పుడు మెల్లగా మిషను మీద చెయ్యి పెట్టు."

దేవుడా అనుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పెట్టాను.

"పెట్టినా పాపా! గుర్రుమంటాంది! షాకు కొట్టలే! నాకు భయమే లేదు!"

"ఆ గుర్రుమనేది పైన ఫ్యానత్తా" అంది గౌతమి. "మిషనుకు ఇంకా ప్లగ్గే పెట్టలేదు."

క్లాసంతా నవ్వింది. అనంతపురం నుంచి మా పాప నవ్వు అందరికన్నా గట్టిగా వినిపించింది. నేను మిషను మీది చెయ్యి మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నవ్వింది చాల్లే పాపా, ఫోన్ పెట్టొద్దు" అన్నాను. "ప్లగ్గు ఎట్ల పెట్టల్లనో చెప్పు."