జూనిపర్ చెట్టెక్కిన లెస్టర్

పళ్లెంలో గుడ్లు ఖాళీ చేసి, రంపం మిషను చేతబట్టుకుని లేచాడు ఆర్విల్. తూర్పు ఆరెగన్ కొండల్లో అతనికి పశువుల మేతభూమి ఉంది. అందులో మిగిలిన ఆఖరి జూనిపర్ చెట్టును ఆ రోజు పడగొట్టి తీరాలని అతని పంతం.

అతని చిన్నప్పుడు అక్కడంతా గడ్డీ, సేజ్ పొదలూ ఉండేవి. వసంతంలో తెల్లవారుతుండగా, ఆ పొదల్లో బతికే సేజ్ కోళ్లనే అడవి పక్షులు రొమ్ములు ఉబ్బించుకుని నాట్యమాడేవి. తరవాత జూనిపర్లు ఎగబాకి నేలలో నీళ్లన్నీ తాగేశాయి. వాటి మీద డేగలు మాటు వేశాయి, కోళ్లు వెళ్లిపోయాయి. కళ్లు కనిపిస్తుండగానే ఆ నాట్యం మళ్లీ చూడాలని ఆర్విల్ ఏళ్ల తరబడి నరుకుతూనే ఉన్నాడు. కాని కంచె అవతల లెస్టర్ కొండ నిండా జూనిపర్లే. అతను కొమ్మ కూడా విరవనివ్వడు.

"అది కంచె మూల చెట్టయ్యా! మీ నాన్న తీగలన్నీ దానికే కొట్టాడు," అంది భార్య వెర్నా.

"గుంట తవ్వడానికి బద్ధకించి కొట్టాడు. నేను సరిదిద్దుతా."

సరిదిద్దాడు. చెట్టు పడుతూ పడుతూ తీగలన్నిటినీ తనతో లాక్కుపోయింది. పుచ్చిన గుంజలు కొండ పొడుగునా ఫట్ ఫట్‌మంటూ ఒకదాని వెనక ఒకటి ఎగిరాయి. ఆఖరి గుంజ పక్క జిల్లాలో దొరికిందంటారు. అది అబద్ధం, పొలిమేరకు ఇవతలే దొరికింది.

అవతల లెస్టర్ దాణా బకెట్‌తో తన ఆవుల దగ్గరికి వెళుతున్నాడు. "కోళ్లు వచ్చేలోపు నువ్వే పోతావులేరా" అని ముందురోజే కాఫీ హోటల్లో అందరిముందూ ఆర్విల్‌ను ఎద్దేవా చేశాడు. ఇంకేముంది, ఆ ఫట్ ఫట్ వినగానే ఆర్విల్ తుపాకీతో వచ్చాడనుకుని జూనిపర్ల గుబురులోకి పరుగెత్తాడు. బకెట్‌లో దాణా గలగలమంది. ఆ చప్పుడు విన్న ఆర్విల్ ఆబోతు, పడిన కంచె దాటి వెంటపడింది. లెస్టర్ చెట్టెక్కాడు.

ఇంటి దగ్గర వెర్నా కూడా ముసలాళ్లిద్దరూ కాల్చుకుంటున్నారనే అనుకుంది. సంధి జెండాగా పక్కమీది తెల్ల దుప్పటి లాగి, ట్రక్కులో వచ్చిపడింది.

"అమ్మో! శవం మీద కప్పడానికి దుప్పటి కూడా తెచ్చారు!" అంటూ లెస్టర్ ఇంకో కొమ్మ పైకి పాకాడు.

ఆర్విల్ గుబురు అంచున నిలబడి అరిచాడు. "ఎక్కడున్నావురా లెస్టరూ?"

"చెప్పను! చెబితే కాలుస్తావు!"

"నా దగ్గర తుపాకీ లేదురా! ఎగిరినవి కంచె గుంజలు!"

"మరి నీ ఆబోతో?"

"దానిక్కావలసింది దాణా. బకెట్ కింద పడెయ్."

"పడేశా! తినేసి, ఇంకా పెట్టమని చెట్టును గుద్దుతోంది! త్వరగా రారా!"

"ఎలా రాను? నీ చెట్లు అడ్డం."

"నరుకు!"

"ఏమన్నావ్? సరిగా వినపళ్లేదు."

"నరకమన్నానురా, ముసలి దున్నా!"

"విన్నావా వెర్నా?"

"విన్నా. కావాలంటే ఈ దుప్పటి మీద ఒట్టేస్తా."

ఆర్విల్ రంపం అందుకున్నాడు. కుడివైపు నుంచి కేక వినిపిస్తే ఎడమకు నరికాడు. పైనుంచి వినిపిస్తే కిందికి నరికాడు. "ఇటురా! ఇటు!" అని లెస్టర్ గొంతు చించుకుంటే "వస్తున్నా, కంగారుపడకు" అని జవాబిచ్చాడు. మధ్యలో వెర్నా తెచ్చిన రొట్టె తిని, మిషనులో పెట్రోలు పోసి, మళ్లీ మొదలెట్టాడు. పొద్దు వాలేసరికి ఆ కొండ మొత్తానికి ఒకే ఒక్క చెట్టు మిగిలింది. దాని మీద లెస్టర్, దాని కింద నిద్రపోతున్న ఆబోతు.

"ఓ, ఇక్కడున్నావా!" అన్నాడు ఆర్విల్. లెస్టర్ దిగాక దాన్నీ కొట్టేశాడు.

మరుసటి వసంతంలో సేజ్ కోళ్లు వచ్చాయి. ఆర్విల్ ఏళ్లపాటు చెమటోడ్చి శుభ్రం చేసిన భూమివైపు అవి కన్నెత్తి చూడలేదు. తిన్నగా లెస్టర్ కొండ మీద వాలి, రొమ్ములు ఉబ్బించి నాట్యం మొదలెట్టాయి. లెస్టర్‌ను అనుమతి అడిగి, భార్యాభర్తలిద్దరూ అతని ట్రక్కులోనే అతని పక్కన కూర్చుని చూశారు. ఆర్విల్ కళ్లు తుడుచుకున్నాడు.

లెస్టర్ కాఫీ చప్పరించి, "పట్టుదలగా కష్టపడితే ఎందుకు రావు?" అన్నాడు.