గిటార్ వాయించే కొడుకు ఇంటికి క్షేమం

ఇంగ్లండులో పిల్లల్ని కన్న తల్లులందరికీ నాదొక్కటే సలహా. మీ అబ్బాయి క్షేమంగా ఉండాలంటే గిటార్ కొనిపెట్టి, పేరూ ఊరూ లేని ఒక బృందంలో చేర్పించండి. ఇంతకన్నా ప్రమాదం లేని ఉద్యోగం ఈ దేశంలో లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. పదహారేళ్ళకే హాలిఫాక్స్‌లో చాక్లెట్ల ఫ్యాక్టరీలో పెట్టెలు సర్దడానికి చేరాను. కానీ భయపడటంలో మాత్రం నాకు నలభయ్యేళ్ళ అనుభవం ఉంది. ఏ ఉద్యోగంలో మనిషి ఎలా చస్తాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కప్పులెక్కేవాడు జారిపడతాడు. వంటవాడు కాల్చుకుంటాడు. బ్యాంకులో చేసేవాడికి కూర్చుని కూర్చుని గుండె ఆగుతుంది.

మా కీరన్ చూడండి. పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాడు, ఇప్పుడు ముప్ఫయ్యేడు. వాళ్ళ బృందం పేరు 'తడిసిన పరదాలు'. మా వంటింటి కిటికీని చూసి పెట్టారు, నేనేమీ అనుకోలేదు. పద్దెనిమిదేళ్ళుగా వాయిస్తున్నాడు, ఒంటి మీద గీత పడలేదు!

ఎందుకు పడుతుంది? పేరొచ్చిన వాళ్ళే హెలికాప్టర్లెక్కి కొండల్ని గుద్దుకుంటారు. మావాడు హడర్స్‌ఫీల్డ్ బస్సెక్కుతాడు. పేరొచ్చిన వాళ్ళని జనం మీదపడి నలిపేస్తారు. మావాడి మీద పడాలంటే ముందు జనమంటూ రావాలి కదా? పేరొచ్చిన వాళ్ళు ఈత కొలనుల్లో శవాలై తేలతారు. మా ఇంట్లో స్నానాల తొట్టె తప్ప మరోటి లేదు, అందులోనూ చిల్లు!

అలాగని మావాడిది చిన్న చరిత్ర అనుకోకండి. ఒకసారి లింకన్‌షైర్‌లో పొలం మధ్య సంగీతోత్సవానికి పిలిచారు. వాళ్ళ గుడారం కిక్కిరిసిపోయింది. ఇక అయిపోయింది, వీడికి పేరొచ్చేసింది, వీడు నాకు దక్కడని గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. రెండో పాటకి వాన వెలిసింది. గుడారం ఖాళీ!

ఇంకోసారి ఒక పత్రిక వాళ్ళ గురించి రాసింది. పాడే టోబీ జుట్టు గురించి నాలుగు వాక్యాలున్నాయి. చివర్లో "గిటార్ వాయించే ఆయన కూడా ఉన్నాడు" అని ఉంది. దాన్ని కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాను. కొడుకు ఉన్నాడని అచ్చులో వచ్చాక తల్లికి ఇంకేం కావాలి?

పక్కింటి బెరిల్‌కి ఇవన్నీ అర్థం కావు. "ఏమే గ్లెనిస్, మీవాడింకా ఆ తీగలు లాగుతూనే ఉన్నాడా? మావాడు చూడు, రెండో కారు కొన్నాడు," అంటుంది.

"రెండు కార్లంటే రెండు ప్రమాదాలు బెరిల్," అంటాను.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మావాడు తివాచీల దుకాణంలో పని చేస్తాడు. తివాచీ మీద పడ్డా దెబ్బ తగలదు. కచేరీ ఉన్నరోజు నేను వెంట వెళతాను. చెవుల్లో దూది, సంచిలో చీజ్ శాండ్‌విచ్‌లు, ఇంకో జత సాక్సులు. నాలుగో పాటకి మాత్రం ఒక చెవిలో దూది తీస్తాను. ఎందుకంటే అది మా ఇంట్లోనే పుట్టింది. మా బట్టలుతికే మిషన్ చివరి చుట్లు తిరుగుతుంటే, మెట్ల మీద కూర్చుని దాని ఊపుకి కట్టాడు. అందులో ఒక్క నిమిషం అందరూ ఆగిపోతారు, వాడొక్కడే వాయిస్తాడు. బాగుంటుందని నేననడం లేదు. మిషన్ మాది కాబట్టి వింటాను, అంతే.

ఈ క్షేమానికంతటికీ మూలం ఏమిటో తెలుసా? గుమ్మం దగ్గరి జాబితా! బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో పేరు రాసుకునే హక్కుంటుంది. ఆ పేరుగల మనిషి టికెట్ లేకుండా లోపలికి రావచ్చు. కీరన్ పద్దెనిమిదేళ్ళుగా ఒకే పేరు రాస్తున్నాడు. నాది.

ఇక పాటల కంపెనీల పెద్దమనుషులకి ఒక పట్టింపుంది. వాళ్ళు టికెట్ కొనరు. ప్రాణం పోయినా కొనరు! లండన్ నుంచి రైలుకి తొంభై పౌండ్లు పెట్టి వస్తారు, గుమ్మం దగ్గర ఏడు పౌండ్లడిగితే పరువు పోయినట్టు చూస్తారు. జాబితాలో పేరుంటేనే వాళ్ళు మనుషులు.

కిందటేడు లీడ్స్‌లో ఒక పబ్బు మేడ మీద కచేరీ. కంపెనీ మనిషి జాస్పర్ వస్తున్నాడని వారం నుంచి కీరన్ అన్నం సహించక తిరిగాడు. ఆ జాస్పర్ పేరు టోబీ రాయాలి. టోబీ తన కొత్త స్నేహితురాలి పేరు రాసుకున్నాడు! నేను మెట్లెక్కేసరికి నా ముందు ఒకాయన, నెత్తిన ఉన్ని టోపీ, జాబితా అట్ట పట్టుకున్న పిల్లతో వాదిస్తున్నాడు.

"పేరు లేదు సార్. ఏడు పౌండ్లు."

"టికెట్టా? నేనా? నేనెవరో తెలుసా నీకు?"

"తెలిస్తే పేరుండేది కదా సార్. ఇంకొక్క పేరే మిగిలింది, గ్లెనిస్. మీరు గ్లెనిస్ కాదు కదా?"

నా పర్సులో పదిపౌండ్ల నోటుంది. "ఆ పేరు ఆయనకిచ్చెయ్యి తల్లీ, నేను కొనుక్కుంటాను," అంటే సరిపోయేది. అప్పుడే హెలికాప్టర్ గుర్తొచ్చింది. కొండ గుర్తొచ్చింది. కొలను గుర్తొచ్చింది.

"నేనేనమ్మా గ్లెనిస్," అన్నాను.

ఆయన విసురుగా మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయాడు. కచేరీ అయ్యాక కీరన్ శాండ్‌విచ్ తింటూ, "రాలేదమ్మా. వాళ్ళంతే, వస్తామంటారు," అన్నాడు. నేను సాక్సులు మార్చుకోమన్నాను.

పాఠకులారా, నేను చేసింది తప్పంటారా? మీ కొడుకు హెలికాప్టర్ ఎక్కబోతుంటే మీరు కాలు అడ్డం పెట్టరా? ఎనిమిది నెలలు ఇదే ప్రశ్న నన్ను నేను అడుగుతూ గడిపాను. ఆ ఎనిమిది నెలలూ బట్టల మిషన్ వేసినప్పుడల్లా వంటింట్లోంచి బయటికి వెళ్ళిపోయేదాన్ని.

ఈమధ్య టీ తాగుతూ కీరన్ అన్నాడు: "ఆ జాస్పర్ మళ్ళీ వస్తాడటమ్మా. లీడ్స్‌లోనే, అదే పబ్బు. టోబీ ఈసారి వాళ్ళ నాన్న పేరు రాశాడు. ఏం చేస్తాంలే, నీ పేరు ఎప్పటిలాగే రాసేశాను."

"నాది కొట్టేసి ఆయనది రాయరా."

"మరి నువ్వు?"

"నాకు మోకాళ్ళు నొప్పి."

కప్పు కింద పెట్టి నా మొహం చూశాడు. "పద్దెనిమిదేళ్ళలో ఒక్క కచేరీ మానలేదు నువ్వు. డాక్టరేమన్నా చెప్పాడా? దాచకమ్మా."

"నేనేం చావట్లేదు. రాయి!"

రాశాడు. వాడు బయల్దేరిన గంటకి నేనూ బస్సెక్కాను. ఏడు పౌండ్లిచ్చాను. ఆ పిల్ల నా చేతి మీద నీలం సిరాతో ముద్ర వేసింది. స్తంభం వెనక నిలబడ్డాను. ఉన్ని టోపీ లోపలే ఉంది, బారు పక్కన. మొదటి పాటకి తల ఊపాడు. సరే, పోనీ, హెలికాప్టరైతే హెలికాప్టర్, బెల్టు పెట్టుకోమని చెబుతాననుకున్నాను. రెండో పాటకి ఫోన్ తీశాడు. మూడో పాట సగంలో గ్లాసు బారు మీద పెట్టి వెళ్ళిపోయాడు!

నాలుగో పాటకి నేను రెండు చెవుల్లోనూ దూది తీసేశాను.

కాబట్టి తల్లులారా, నేను మొదట చెప్పిందే ఖాయం. ఇంతకన్నా క్షేమమైన ఉద్యోగం లేదు. మావాడు సోమవారం మళ్ళీ తివాచీల దుకాణానికి వెళ్ళాడు. హెలికాప్టర్ లేదు, కొలను లేదు. నా కడుపులో చల్ల కదలలేదు. నాకే ఫిర్యాదూ లేదు. చేతి మీద సిరా ఏమిటే అని బెరిల్ అడిగితే, ఏదో అంటిందన్నాను. మూడురోజులైనా ఎందుకు కడగలేదో నాకే తెలియదు.

జాస్పర్‌ని మాత్రం ఒక్క మాట అడగాలి. ఈ కాగితం ఆయన కంటపడితే జవాబు చెప్పమనండి. రైలుకి తొంభై పౌండ్లు పెట్టి వచ్చిన మనిషి మూడో పాటకి లేచిపోతాడా?

నాలుగోది కదయ్యా అసలు పాట!