సలోమి టీచరు ఒప్పుకున్న వ్యాసం

సలోమి టీచరు చనిపోయిన రెండో ఏడు ఒక అంతర్జాతీయ నర్సింగ్ పత్రికలో సంపాదకురాలిగా చేరింది. ఆవిడ పాఠాలు చెప్పిన కాలేజీలో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. అలాంటి పత్రికలకు పోయినవాళ్లే అనువు. సెలవడగరు, వ్యాసం తిప్పి పంపరు, నా పేరెందుకు వేశారని నిలదీయరు. దీనికి మోసమని పేరుంది. కాలేజీల్లో పరిశోధన అంటారు.

ఆవిడ శిష్యురాలు హెప్సిబా ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతోంది. ప్రమోషన్ కావాలంటే ఏదో ఒకటి అచ్చవ్వాలి. పొటాషియం ఇంజెక్షన్ గురించి వ్యాసం రాసి పొద్దున పంపింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసేలోపు అచ్చయింది. "క్షుణ్ణంగా పరిశీలించినవారు" అని కింద సలోమి టీచరు పేరు. అంతా బాగానే ఉంది, ఒక్క మాట తప్ప. పలచన చేయకుండా నరంలోకి ఎక్కించరాదని ఆమె రాస్తే, ఎక్కించవచ్చని పడింది. అలా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

సరిచేయమంటే పత్రికవాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు: పరిశీలించిన సంపాదకురాలు ఒప్పుకోవాలి.

కబురు పెడితే సలోమి టీచరు వచ్చింది. స్టాఫ్ రూములో ఫ్యాన్ కింద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని చదివింది.

"ఎవరే దీన్ని చూసింది?"

"మీరే టీచర్."

"నేనా? నాడి పట్టుకోకుండా చార్టులో అంకె వేస్తే సాయంత్రందాకా గాజుగుడ్డలు మడత పెట్టించేదాన్ని. నేను చూస్తే ఇది అచ్చవుద్దా? అయినా, సంపాదకుల పట్టీలో పోయినదాని పేరు చూసి కూడా ఎట్టా పంపావే?"

హెప్సిబా తల దించుకుంది. "మీరిప్పుడు తిప్పి పంపలేరు కదా అని, టీచర్."

టీచరు ఒక కాగితం అందుకుంది. తప్పు సరిచేయమని, తన పేరు తీసేయమని రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయింది. పత్రిక నుంచి వెంటనే జవాబు: మా సలోమి గారు ఏనాడూ అభ్యంతరం చెప్పి ఎరగరు, కనుక ఈ సంతకం ఆవిడది కాదు.

పోనీ, వ్యాసమే వెనక్కి తీసుకుంటానంటే ప్రిన్సిపాల్ విసుక్కున్నాడు.

"ఇన్‌స్పెక్షన్ ముందు ఇదేం గోలమ్మా? ఇంటర్నేషనల్‌లో పడిందని దాన్ని పాఠంలో కూడా పెట్టేశాం."

హెప్సిబా తిన్నగా క్లాసుకు వెళ్లింది. "ఆ మాట కొట్టేయండమ్మా. పలచన చేయకుండా ఎక్కించకూడదు. మనిషి పోతాడు."

ముందు బెంచీలో జ్యోత్స్న లేచింది. "మరి పరీక్షలో ఏది రాయమంటారు మేడమ్?"

హెప్సిబా క్లాసు తలుపు దగ్గరగా వేసింది.

"పరీక్షలో అచ్చులో ఉన్నదే రాయండి. వార్డులో నేను చెప్పింది చెయ్యండి."

పిల్లలు రెండు వాక్యాలూ పక్కపక్కనే, ఒకే సిరాతో రాసుకున్నారు.